ఆంబోతుకు యజమాని ఎవరు? చరోదా నుంచి పెంపుడుతనంపై ఒక పరిశీలన

ఛత్తీస్‌గఢ్‌లోని చరోదాలో భిలాయి మార్షలింగ్ యార్డు పక్కగా నడిస్తే పట్టాల దగ్గర గడ్డి మేస్తున్న ఆవులు కనిపిస్తాయి. చాలావాటి మెడలో పలుపు ఉండదు. అవి ఏ గిత్తతో కట్టాయో, ఎన్ని ఈతలు ఈనాయో లెక్క రాసేవారూ ఉండరు. ఇటు భిలాయి ఉక్కు కర్మాగారం 1972లో నెలకొల్పిన మైత్రీ బాగ్‌లో తెల్లపులులున్నాయి. వాటి తిండి, జోడీ, సంతానం అన్నీ మనుషుల నిర్ణయమే. అయినా పెంపుడు జంతువన్న మాట వీధి ఆవుకే వాడతాం, పులికి వాడం. మనిషి అదుపే పెంపుడుతనానికి కొలబద్ద అనే వాడుక నిర్వచనం ఈ రెండింటి ముందు నిలవదని నా వాదన.

తెలుగులో మచ్చిక వేరు, పెంపకం వేరు. మావటి మాట వినే ఏనుగు మచ్చికైనదే. కానీ వేల ఏళ్లుగా ఏనుగులను ఎక్కువగా అడవిలోనే పట్టి తెచ్చారు, తరతరాలుగా ఎంచి ఈనించడం అరుదు. పట్టిన ప్రతిదాన్నీ మళ్లీ మొదటినుంచి మచ్చిక చేసుకోవాల్సిందే. ఆంబోతు కథ దీనికి తలకిందులు. దేవుడి పేర అచ్చుపోసి వదిలాక దానికి యజమానీ లేడు, కట్టుకొయ్యా లేదు, కొమ్ము విసిరితే బజారంతా పరుగే. అయినా దాన్ని అడవి జంతువని ఎవరూ అనరు. (తిట్టడానికి మాత్రం దాని పేరు బాగానే పనికొచ్చింది.)

తేడా వంశంలో ఉంది. దీన్ని చూపిన ప్రయోగం, భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన 1959లోనే, సోవియట్ సైబీరియాలో మొదలవడం ముచ్చటైన కాకతాళీయం. శాస్త్రవేత్తలు ద్మీత్రి బెల్యాయెవ్, ల్యుద్మిలా త్రూత్ ప్రతి తరంలోనూ మనిషికి బెదరని వెండి నక్కలనే ఎంచారు. పదో తరానికి సుమారు 18 శాతం పిల్లలు మనిషి దగ్గరికి తామే వచ్చి తోక ఊపాయి. కొన్నింటికి చెవులు వేలాడాయి, ఒంటిమీద తెల్ల మచ్చలు వచ్చాయి. ఆ నక్కల పూర్వీకులు కెనడాలోని బొచ్చు ఫారాల నుంచి వచ్చాయని, కొంత ఎంపిక అక్కడే జరిగిపోయిందని 2019లో ఇతర పరిశోధకులు ఆక్షేపించారు. కాబట్టి చెవులు, మచ్చల మీద పెద్ద సిద్ధాంతం కట్టడం తొందరపాటే. బెదురు తగ్గడం వారసత్వంగా దిగుతుందన్నది మాత్రం చెక్కుచెదరలేదు.

ఇక తెల్లపులుల సంగతి. రేవాలో 1951లో పట్టిన మోహన్ అనే తెల్లపులిని దాని కూతురితోనే జతకట్టించి 1958లో తెల్లపిల్లలను పొందారు. అక్కడ ఎంచింది రంగును, స్వభావాన్ని కాదు. ఎన్ని తరాలు బోనులో పుట్టినా పులి పులిగానే మిగలడానికి కారణం ఇదే.

వీధి ఆవుది మరో లెక్క. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో కోతలయ్యాక పశువులను విచ్చలవిడిగా మేయనిస్తారు, ఖరీఫ్ విత్తనాల వేళకు కట్టడి చేస్తారు. ఈ కట్టడి పేరు రోకా-ఛేకా. 2020 జూన్‌లో ప్రభుత్వమే దీన్ని ఉద్యమంలా నడిపింది. అంటే పశువును వదలడం కూడా పెంపకంలో ఒక రుతువే. పలుపు లేనంత మాత్రాన ఆవు అడవిదైపోదు.

ఇన్నీ చెప్పాక నన్ను తికమకపెట్టేది రాష్ట్ర జంతువైన అడవి గేదె. ఊరి గేదెలతో కలిసి దాని రక్తం పలచబడుతోందని అటవీ శాఖ బెంగ. ఉదంతి అభయారణ్యంలోని ఆశ అనే అడవి గేదె కణంతో కర్నాల్ జాతీయ పాడి పరిశోధన సంస్థ క్లోనింగ్ చేసింది, 2014 డిసెంబర్ 12న దీపాశ పుట్టింది. మోసిన కడుపు పాడి గేదెది. పెద్దయ్యాక దీపాశ ముర్రా జాతి పాడి గేదెలా ఉందని కొందరు పెదవి విరిచారు. తర్వాత దాన్ని నవా రాయ్‌పూర్ జంగిల్ సఫారీకి తెచ్చి, అడవి గేదె పేరుతోనే కంచెలో ఉంచారు.