హిసాబ్ ఎవరి చేతిలో ఉంది?



బోరబండ సైట్-3లో మిర్చీల బండి నడిపే ఒక ఖాలా మొన్న నాకు ఒక కార్డు చూపించింది. కార్డు నిండా గడులు, గడిగడికో తేదీ, పక్కన ఒక గీత లాంటి సంతకం. అది గిరిగిరి కార్డు. కార్డు మీద 10,000 అని రాసి ఉంది, చేతికి వచ్చింది మాత్రం 9,000. వెయ్యి ముందే పట్టుకున్నారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. ఫోన్‌లో లెక్క కట్టి చూస్తే సూద్ సాలీనా 70 శాతం పైనే తేలింది. "ఇంత పడుతుందని తెలుసా ఖాలా?" అన్నాను. "హిసాబ్ వాళ్లది బేటా, కట్టుడు మాది" అంది.

రెండొందల ఏళ్ల కింద నిజాం సర్కారు పరిస్థితీ అచ్చం ఇదే.

1814లో విలియం పామర్ అనే ఆయన హైదరాబాద్ రెసిడెన్సీ దగ్గర ఒక కంపెనీ పెట్టాడు. తండ్రి ఇంగ్లీషు జనరల్, తల్లి ముస్లిం బేగం. అప్పటి నిజాం సికందర్ జాహ్. పేష్కార్ చందూలాల్ ఇంగ్లీషు అఫ్సర్ల కింద ఉన్న ఫౌజుకు జీతాలివ్వడానికి ఈ కంపెనీ దగ్గర కర్జ్ తీసుకుంటూ పోయాడు. 1820లో ఒకే దస్తావేజు మీద 60 లక్షలు రాసుకున్నారు. కొత్త రెసిడెంట్ చార్లెస్ మెట్కాఫ్ వచ్చి ఖాతా అడిగితే అసలు సంగతి బయటపడింది. ఆ 60 లక్షల్లో పాత బాకీలున్నాయి, కంపెనీ తన కోసం పట్టుకున్న బోనస్ కూడా ఉంది. ఖాలా కార్డులోని వెయ్యి లాంటిదే అది.

ఆ బాకీ తీరడానికి సర్కారు ఏం ఇచ్చుకుందో చూడండి. గుంటూరు నుంచి శ్రీకాకుళం దాకా ఉన్న ఉత్తర సర్కారులకు ఈస్టిండియా కంపెనీ ఏటా 7 లక్షల పేష్కష్ కట్టేది. 1823లో సుమారు 1 కోటి 16 లక్షలు ఒకేసారి తీసుకుని, ఆ హక్కును నిజాం శాశ్వతంగా వదులుకున్నాడు. ఆ రకం పామర్ బాకీకే పోయింది. ఫౌజు ఖర్చు మాత్రం ఆగలేదు. 1853లో ఆ బకాయిల కింద బేరార్, రాయచూర్ దోఆబ్, ధారాశివ్ కంపెనీ చేతికి పోయాయి. చివరి రెండూ 1860లో తిరిగి వచ్చాయి. బేరార్ మళ్లీ రాలేదు.

అదే 1853లో సాలార్ జంగ్ దీవాన్ అయ్యాడు. వయసు 24. అప్పటికి సగం జిల్లాల పరిస్థితి గిర్వీ పెట్టిన జేవర్ లాంటిది. సర్కారుకు అప్పిచ్చిన అరబ్ జమాదార్లు, సాహుకార్లు మాల్‌గుజారీని తామే వసూలు చేసుకునేవారు. ఎంత వచ్చింది, ఎంత జమ అయింది, అడిగే దిక్కు లేదు. సాలార్ జంగ్ సూద్ హరామ్ అని తఖ్రీరులు చేయలేదు. ఒక్కొక్క బాకీ హిసాబ్ తేల్చాడు, ఒక్కొక్క తాలూకా వెనక్కి తెచ్చాడు. గుత్తా పద్ధతి తీసేసి జీతం మీద పనిచేసే తాలూక్‌దార్లను పెట్టాడు. 1865లో జిలాబందీ చేశాడు. జిల్లాకో తీరుగా ఉన్న సిక్కాల స్థానంలో హాలీ సిక్కా నిలిపాడు. సర్కారు పరపతి అలా మళ్లీ నిలబడింది.

సర్కారు గండం గట్టెక్కింది కానీ గరీబు మాటేమిటి? 19వ శతాబ్దం చివర్లోనే మన నగరంలో సూద్ లేని కర్జ్ ఇచ్చే అంజుమన్లు పుట్టాయి. హైదరాబాద్ బిడ్డ డాక్టర్ మహమ్మద్ హమీదుల్లా వాటి గురించి రాశారు. నలుగురు కలిసి కొద్దికొద్దిగా జమ చేయడం, జమానత్ మీద అవసరమున్నవాడికి ఇవ్వడం, కిస్తీల్లో తిరిగి తీసుకోవడం, ఇంతే వాటి పద్ధతి. 1941 చట్టంతో హైదరాబాద్ స్టేట్ బ్యాంక్ వచ్చింది. 1942 ఏప్రిల్‌లో తలుపులు తెరిచింది. అయితే ఖాతా తెరవడానికి, జమానత్ చూపడానికి తాకత్ ఉన్నవాడికే బ్యాంకు అందింది. తోపుడు బండికి అప్పటికీ, ఇప్పటికీ గిరిగిరే దిక్కు.

మన ఖౌమ్ మరిచిపోయిన సంగతి ఇక్కడొకటి చెప్పాలి. సూద్ హరామ్ అన్న ఆయత్ పిల్లలకు కూడా తెలుసు. కానీ ఖురాన్ షరీఫ్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ ఏది? సూరా బఖరాలో 282వది. అది నమాజ్ గురించి కాదు, రోజా గురించి కాదు. కర్జ్ రాసుకోవడం గురించి. గడువు రాయాలి, రాసేవాడు ఇన్సాఫ్‌తో రాయాలి, గవాహ్‌లు ఉండాలి. ఏం రాయాలో చెప్పవలసింది అప్పిచ్చినవాడు కాదు, తీసుకున్నవాడు. అంటే హిసాబ్ మొదలయ్యేది బాకీదారు నోటి నుంచి. పామర్ దస్తావేజులోగానీ ఖాలా కార్డులోగానీ లేనిది అదే.

ఈ ఆయత్ నేనూ మరిచాను. కొన్నేళ్ల కింద మా అమ్మీ తన రెండు గాజులు అమ్మిన పైసలు "హలాల్ మునాఫా" అన్న ఒక కంపెనీలో పెట్టింది. రసీదు నేనే చూశాను. రోజూ ఆఫీసర్లను సవాళ్లు అడిగే జర్నలిస్టుని, "ఈ మునాఫా ఏ తిజారత్‌లో వస్తుంది?" అని ఒక్క మాట అడగలేదు. బోర్డు మీద 'సూద్ లేదు' అని ఉంది కదా, చాలనుకున్నాను. కంపెనీ మూతపడింది. అమ్మీ నన్ను ఒక్క మాట అనలేదు. నాకు గుచ్చుకునేది అదే.

చట్టాలు లేవని కాదు. 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద సర్కారు పెత్తనం లేకుండా సభ్యులే సంఘం నడుపుకోవచ్చు. మన నగరంలో సూద్ లేని సంఘాలు కొన్ని దాని కిందే రిజిస్టర్ అయ్యాయి. 2010 అక్టోబరులో మైక్రోఫైనాన్స్ ఆర్డినెన్స్ వచ్చింది. రేటు అందరికీ కనిపించేలా పెట్టాలంది, సూద్ అసలును మించకూడదంది. కానీ కిస్తీలు ఆగిపోయాయి, కంపెనీలు కొత్త అప్పులు ఆపేశాయి. పాతది మూసేటప్పుడు పక్కన ఇంకో తలుపు తెరిచి ఉండాలి. సూద్ లేని బ్యాంకింగ్‌ను 2008లో రఘురామ్ రాజన్ కమిటీ సిఫారసు చేసింది, 2017లో రిజర్వ్ బ్యాంక్ పక్కన పెట్టింది. కాబట్టి ఆ తలుపు ప్రస్తుతానికి మొహల్లాలోనే తెరవాలి.

మీ బస్తీలో బైతుల్ మాల్ ఉన్నా, సొసైటీ ఉన్నా, నలుగురు వేసుకునే బీసీ ఉన్నా మూడు సవాళ్లు అడగండి. ఖాతా పుస్తకం ఏ మెంబర్ అయినా చూడొచ్చా? సర్వీస్ ఛార్జి నిజంగా అయిన ఖర్చుకేనా, లేక కర్జ్ పెరిగినకొద్దీ పెరుగుతుందా? సాలుకొకసారి ఆడిట్ చదివి వినిపిస్తారా? అడిగితే ముఖం మాడ్చుకునే చోట, గడ్డం ఎంత పొడవున్నా, పైసా పెట్టకండి.

ఖాలాకు ఒక నోట్‌బుక్ కొనిచ్చాను. ఇచ్చింది ఎంత, కట్టింది ఎంత, మిగిలింది ఎంత, అన్నీ ఆమె చెప్తుంటే తొమ్మిదో తరగతి చదివే మనవరాలు రాస్తోంది. పాత కార్డు ఇంకా నడుస్తోంది. అది తీరేలోగా ఆ గల్లీలో పది మందితో ఒక చిన్న సంఘం నిలబడాలని కోరిక. ఇన్షా అల్లాహ్.