ఎక్స్‌ఎంఎల్

సమాచారంలోని ప్రతి అంశానికీ ఒక పేరు పెట్టి, అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ట్యాగులనే గుర్తులతో చూపే మార్కప్ భాష ఎక్స్‌ఎంఎల్. 1969లో ఐబీఎం సంస్థలో చార్లెస్ గోల్డ్‌ఫార్బ్, ఎడ్వర్డ్ మోషర్, రేమండ్ లోరీ మొదలుపెట్టిన జీఎంఎల్, 1986లో అంతర్జాతీయ ప్రమాణంగా నిలిచిన ఎస్‌జీఎంఎల్ దీనికి పూర్వరూపాలు కాగా, దీని తొలి ప్రమాణాన్ని వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 1998 ఫిబ్రవరి 10న వెలువరించింది.

ఈ భాష అక్షర సంకేతాల ప్రమాణమైన యూనికోడ్‌ను ఆధారం చేసుకోవడంతో, పాఠాన్నే కాక ట్యాగుల పేర్లను సైతం తెలుగులో రాసే వీలు ఆదినుంచీ ఉంది. ఒక్కో పత్రిక ఒక్కో ఫాంటు సంకేతాలతో తెలుగు అచ్చువేసుకుంటున్న ఆ రోజుల్లో ఇది ఎన్నదగిన మేలు. <మండలం>ఎల్లారెడ్డి</మండలం> అని రాస్తే ఆ పేరు ఎంతవరకో స్పష్టంగా తెలుస్తుంది కనుక, సిరిసిల్ల వైపున్న ఎల్లారెడ్డిపేటతో గానీ హైదరాబాదులోని ఎల్లారెడ్డిగూడతో గానీ అది కలిసిపోదు. అయితే యూనికోడ్ సంకేతాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి గనుక, ఈ వరుసలో ఊరిపేరు 33 బైట్లయితే దాని చుట్టూ ఉన్న ట్యాగులే 35 బైట్లు. వెబ్ సేవల్లో ఇచ్చిపుచ్చుకునే సమాచారానికి, తేలికైన జేసన్ అనే మరో సమాచార రూపం వైపు చాలామంది మొగ్గడానికి ఈ బరువు ఒక కారణం.

ట్యాగుల అమరిక సరిగా ఉన్నంత మాత్రాన అందులోని సమాచారం నిజమని కాదు. 2016 అక్టోబరు 11న నిజామాబాదు జిల్లా నుంచి కామారెడ్డి జిల్లా ఏర్పడి, కామారెడ్డి, ఎల్లారెడ్డి రెండూ అందులో రెవెన్యూ డివిజన్ కేంద్రాలుగా ఉన్నాయి. ఎల్లారెడ్డి నిజామాబాదు జిల్లాలోదని చెప్పే పాత ఫైలు ఆ తరువాత కూడా నియమబద్ధమైనదిగానే తనిఖీని దాటుతుంది, ఎందుకంటే ఆ తనిఖీ అమరికను చూస్తుందే తప్ప నిజానిజాలను కాదు.

ఇంతకన్నా లోతైన పరిమితి ఈ భాష చెట్టు ఆకారంలో ఉంది. మూల అంశానికి తప్ప ప్రతి అంశానికీ ఒకే మాతృ అంశం ఉండాలి. కాని కామారెడ్డి, ఎల్లారెడ్డి శాసనసభ నియోజకవర్గాలు పాలనాపరంగా కామారెడ్డి జిల్లావి కాగా, 2008 పునర్విభజనలో ఏర్పడిన జహీరాబాదు లోక్‌సభ స్థానంలో సంగారెడ్డి జిల్లాలోని నియోజకవర్గాలతో కలిసి ఉన్నాయి. జిల్లాను కొమ్మగా తీసుకుంటే లోక్‌సభ స్థానం చీలిపోతుంది, లోక్‌సభ స్థానాన్ని తీసుకుంటే జిల్లాలు చెదురుతాయి. అందువల్ల ప్రతి నియోజకవర్గానికీ ఒక గుర్తింపు సంఖ్యనిచ్చి, రెండవ అమరికలో ఆ సంఖ్యను మాత్రమే సూచించే పద్ధతిని అనుసరిస్తారు.