లెక్కపెట్టిన ఆల్గే, లెక్కలోకి రాని సారం

గూడూరుకు తూర్పున చిల్లకూరు, కోట, వాకాడు మండలాల మీదుగా సముద్రం వైపు పోతే కనిపించే రొయ్యల గుంటల చరిత్రను మనవాళ్లు సీడు, మేత, రేటు అనే మూడు మాటల్లో చెప్పేస్తారు. 90ల మొదట్లో టైగర్ రొయ్య తెచ్చిన డబ్బు, 1994లో తెల్లమచ్చ రోగం చేసిన నష్టం, 2009 తర్వాత వనామీతో మళ్లీ లేచిన సాగు ఊరూరా చెప్పుకునే సంగతులే. ఆ సీడు పుట్టిన మొదటి వారంలో ఏం తిని బతికిందన్న ప్రశ్న మాత్రం ఈ చరిత్రలో వినిపించదు. అది తిన్నది కంటికి ఆనని సముద్రపు నాచు, హేచరీ వాళ్ల మాటలో ఆల్గే. దాన్ని పెంచడం మన కోస్తాలో మూడు దశాబ్దాలకు పైబడిన వృత్తి. అది నీటిలో ఎంత ఉందో లెక్కపెట్టడం బాగా నేర్చుకున్నాం. దానిలో ఏముందో చూసే పద్ధతి మాత్రం హేచరీల్లో ఇంకా పాతుకోలేదు. ఇందుకు ఖర్చు కంటే అలవాటే పెద్ద కారణమని ఈ వృత్తి నడిచిన తీరు చూస్తే తేలుతుంది.

రొయ్యపిల్లను తొట్టిలో పెంచవచ్చని మొదట నిరూపించింది జపాన్ శాస్త్రవేత్త హుడినాగ. స్కెలిటోనీమా అనే డయాటమ్ రకం ఆల్గేను మేపి పిల్లల్ని బతికించిన ఆయన పరిశోధన 1942లో అచ్చయింది. మన దేశంలో కొచ్చి దగ్గరి నరక్కల్‌లో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 1970లలో ఆ దారి పట్టింది. వడగట్టిన సముద్రపు నీటికి నైట్రేటు, ఫాస్ఫేటు, సిలికేటు కలిపి ఎండలో ఉంచి, కీటోసెరాస్ అనే మరో డయాటమ్ ఎక్కువగా ఉండే మిశ్రమ ఆల్గేను పెంచింది. 1980ల చివర సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ (ఎంపెడా) చొరవతో విశాఖలో టాస్‌పార్క్ హేచరీ వచ్చాక ఈ విద్య ఆంధ్ర తీరానికి దిగింది. ఇప్పటికీ క్రమం అదే: పరీక్షనాళిక నుంచి ఫ్లాస్కుకు, ఫ్లాస్కు నుంచి కార్బాయ్‌కి, అక్కడి నుంచి ఆరుబయట టన్నుల తొట్టికి. టెక్నీషియన్ ఒక చుక్క తీసి, అయోడిన్ కలిపి, గళ్లు చెక్కిన గాజు పలక మీద వేసి సూక్ష్మదర్శినిలో చూస్తాడు. ఒక చదరపు మిల్లీమీటరు గడిలో పడిన కణాలను లెక్కించి పదివేలతో గుణిస్తే మిల్లీలీటరుకు ఎన్నో వస్తుంది. ఆ లెక్క తేలాక తొట్టి రంగు చూసి, బాగుందనుకుంటే జోయియా అనే తొలి మేత దశలో ఉన్న రొయ్యపిల్లలకు వదులుతారు. అక్కడితో పరీక్ష పూర్తయినట్టే.

ఆ లెక్కకు అందనిది చాలా ఉంది. రొయ్యపిల్ల ఈపీఏ, డీహెచ్ఏ అనే కొవ్వు ఆమ్లాలను తనకు చాలినంతగా తయారుచేసుకోలేదు, మేతలో అందాల్సిందే. కీటోసెరాస్‌లో ఈపీఏ బాగా ఉంటుంది, ఐసోక్రైసిస్‌లో డీహెచ్ఏ ఉంటుంది, డునలియెల్లాలో రెండూ దాదాపు ఉండవు. జాతి మారితే సారం మారడం సరే, ఒకే జాతిలోనూ మారుతుంది. తొట్టిలో నైట్రేటు అయిపోయి కల్చర్ ముదిరితే కణంలో కొవ్వు పెరుగుతుంది గానీ ఆ కొవ్వులో ఈపీఏ పాలు తగ్గుతుంది, ఫ్యూకోజాంథిన్ అనే గోధుమవన్నె పదార్థమూ తగ్గుతుంది. అంటే సోమవారం లక్ష కణాలూ గురువారం లక్ష కణాలూ ఒకే మేత కావు. పైగా కొన్ని డయాటమ్‌లు ఆల్డిహైడ్ల వంటివి వదిలి, తమను మేసే కోపెపాడ్లనే చిన్న జీవుల గుడ్లు పొదగకుండా చేస్తాయని 1999లోనే తెలిసింది. ఈ జీవక్రియా పదార్థాల మీద కన్నేసి ఉంచకుండా ఆల్గే నాణ్యత గురించి మాట్లాడితే ఆ మాటకు ఆధారం లేదు.

అనుభవం ఉన్నవాడికి రంగు చాలదా, కోట్ల సీడు ఇలాగే అమ్ముడుపోలేదా అని అడిగేవాళ్లున్నారు. అనుభవం విలువ తక్కువని నేననను. కల్చర్ చెడిపోయిన రోజు దాన్ని ముందు పసిగట్టేది ఆ కన్నే. కానీ ఆ కన్నునే నమ్ముకున్న తరం 1994లో ఏం చూసిందో గుర్తుచేసుకోవాలి. ఆ ఏడు తెల్లమచ్చ వైరస్ తూర్పు తీరాన్ని చుట్టినప్పుడు చురుగ్గా ఈదుతున్న సీడులోనే వైరస్ ఉంది. ఆ దెబ్బ తర్వాతే సీడులో వైరస్‌ను పట్టే పీసీఆర్ పరీక్ష వచ్చింది. మొదట్లో అది ఖరీదైన ప్రయోగశాల వ్యవహారం. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ (సిబా) స్వదేశీ కిట్ తయారుచేయడంతో, ప్రైవేటు ల్యాబులు పెరగడంతో అది వాడుకలోకి దిగింది. ఇవాళ పీసీఆర్ రిపోర్టు అడగకుండా సీడు దించే రైతు అరుదు. ఖర్చు ఎక్కువన్న పరీక్షే ఆచారంగా మారింది.

రోగం వేరు, పోషణ వేరు అన్న అభ్యంతరం ఇంతకంటే బలమైనది. వైరస్ ఉందా లేదా అని ఒక్క మాటలో తేల్చవచ్చు, ఈపీఏ ఎంత ఉంటే చాలో అలా తేల్చలేం. నిజమే. అందుకే నేను కోరేది పాస్, ఫెయిల్ సర్టిఫికెట్ కాదు, వరుసగా రాసిన రికార్డు. గ్యాస్ క్రోమటోగ్రఫీ ఫలితం వచ్చేసరికి ఆ తొట్టి ఖాళీ అయిపోతుందన్న మాటా నిజమే. కానీ ఎసిటోన్‌తో రంగు పదార్థాలు తీసి స్పెక్ట్రోఫోటోమీటర్‌లో చూడడం అదే రోజు అయ్యే పని. ఆ రీడింగులను అప్పుడప్పుడూ చేయించే కొవ్వు ఆమ్లాల పరీక్షతో పోల్చి రాసుకుంటే, ఏ వయసు కల్చర్ మేతకు పనికొస్తుందో ఒక సీజన్‌లో అంచనాకు వస్తుంది. ఆర్టీమియా అనే ఉప్పునీటి చిన్న జీవి, పొడి మేతలు ఈ లోటు తీరుస్తాయని కొందరంటారు. అవి ప్రధానంగా తర్వాతి దశలకు పనికొస్తాయి, నీటిని వడగట్టుకు తినే జోయియా మాత్రం మొదట ఆల్గే మీదే నిలబడాలి. ఆస్ట్రేలియాలోని హట్ లగూన్‌లో డునలియెల్లాను పెంచేదే బీటా కెరోటిన్ కోసం, అక్కడ సారాన్ని కొలవకుండా వ్యాపారమే లేదు. మనుషులకు అమ్మేటప్పుడు సారం కొలిచే ప్రపంచం రొయ్యపిల్లకు వేసేటప్పుడు కణాల లెక్కతో ఎందుకు ఆగిపోవాలి?

ముత్తుకూరులో మత్స్య కళాశాల ఉంది, సిబా చెన్నైలోనే ఉంది. ఒక్కో హేచరీ విడిగా యంత్రాలు కొనాల్సిన పని లేదు, నమూనాలు పంపి, ఫలితాలు దాచుకునే ఏర్పాటు చాలు. గూడూరు ప్రాంతపు రైతులకు నా విన్నపం ఒక్కటే. ఈసారి సీడు బుక్ చేసేటప్పుడు పీసీఆర్ రిపోర్టుతో పాటు జోయియాకు ఏ ఆల్గే వేశారో, ఎన్నో రోజు కల్చర్ వేశారో, దాని సారం ఎప్పుడు పరీక్షించారో రాసి ఇమ్మని అడగండి.