మేఘం నుండి గబ్బిలం దాకా: జాషువా కావ్యంలో ప్రేమ, సృజన, నిలకడ

ఉపోద్ఘాతం

విజయవాడ రహదారి మీదుగా హైదరాబాదు వచ్చే బస్సులు ఎల్.బి.నగర్ కూడలిలో, ఆ తరువాత దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రయాణికులను దింపుతాయి. నల్గొండ, ఖమ్మం, గుంటూరు సీమల నుండి చదువుకో ఉద్యోగానికో వచ్చి, ఈ ప్రాంతాల హాస్టళ్లలో, అద్దె గదుల్లో బ్రతుకు మొదలుపెట్టినవారు ఎందరో. ఇక్కడ పరిచర్య చేసే కాపరులకు వారు పరిచితులే. వారు తమతో పాటలు, పద్యాలు తెచ్చుకొన్నారు. కొందరు ఊరిలో పడిన అవమానాన్ని కూడ మోసుకొచ్చారు. అటువంటివారికి ప్రేమను ప్రకటించేటప్పుడు మనం ఏమి చెబుతున్నాం? ఓర్చుకొమ్మనా, నోరు విప్పమనా? ఈ ప్రశ్నతో, అదే రహదారికి అవతల గుంటూరు సీమలో పుట్టిన ఒక క్రైస్తవ కవిని ఈ వ్యాసంలో పరిశీలింపదలచాం. ఆయన గుఱ్ఱం జాషువా (1895–1971).

గురువు చెప్పిన పాఠం

జాషువా 1895 సెప్టెంబరు 28న, నేటి పల్నాడు జిల్లాలోని వినుకొండలో జన్మించారు. తండ్రి వీరయ్య, తల్లి లింగమ్మ వేర్వేరు కులాలకు చెందినవారు. క్రైస్తవ కుటుంబంలో పెరిగినా అంటరానితనం ఆయనను బడిలోనూ వీధిలోనూ వెంటాడింది. అయినా జూపూడి హనుమచ్ఛాస్త్రి వద్ద ఆయన కాళిదాసు మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకొన్నారు. సంస్కృత విద్య కొన్ని కులాల సొత్తుగా చెల్లుతున్న ఆ రోజుల్లో ఒక గురువు ఆ కుర్రవానికి పాఠం చెప్పడం సామాన్యమైన సంగతి కాదు. తరువాత వచ్చిన మహాకావ్యానికి విత్తనం ఆ పాఠంలోనే పడిందని మా అభిప్రాయం.

మూసుకొన్న రెండు వాకిళ్లు

పండిత సభల్లో కులం పేరిట ఆయనకు అవమానం జరిగింది. క్రైస్తవుడై ఉండి పురాణ ఇతివృత్తాలపై పద్యాలు రాస్తున్నాడని సొంత మతపెద్దలు కూడ ఆయనను దూరం పెట్టారు. ఈ రెండవ సంగతిని మన సంఘ చరిత్రలు తరచుగా దాటవేస్తాయి. దాటవేయడం న్యాయం కాదు. పొట్టకూటికోసం ఆయన రాజమహేంద్రవరంలో మూకీ చిత్రాలు ఆడేచోట ప్రేక్షకులకు కథను, సంభాషణలను చదివి వినిపించారు. గుంటూరులో లూథరన్ మిషన్ వారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పనిచేశారు. తరువాత తెలుగు పండితుడయ్యారు. ఈ కష్టాల నడుమనే రచన సాగింది.

విరహం స్థానంలో ఆకలి

మేఘసందేశం ప్రేమ కావ్యం. కుబేరుని శాపంతో రామగిరికి వెళ్లగొట్టబడిన యక్షుడు, అలకాపురిలోని భార్యకు మేఘం ద్వారా కబురు పంపుతాడు. 1941లో వెలువడిన 'గబ్బిలం' మొదటి భాగంలో జాషువా ఈ చట్రాన్నే తీసుకొన్నారు. కాని యక్షుని చోట ఆకలితో ఉన్న ఒక అంటరాని పేదవాడు నిలిచాడు. మేఘం చోట గబ్బిలం వచ్చింది. అపశకునమని జనం తరిమే ఆ ప్రాణికి గుడిలో ప్రవేశం ఉంది, అదే గుడి మనిషికి మూసి ఉంది. అందుచేత అతడు తన గోడును శివునికి చెప్పమని గబ్బిలాన్ని కాశీకి పంపుతాడు. రెండవ భాగం 1946లో వచ్చింది.

ఇక్కడ గమనింపదగిన విషయాలు రెండు. మొదటిది, ఈ పేదవాడు గబ్బిలానికి దారి చెప్పేటప్పుడు తెలుగు నేల చరిత్రను, వైభవాన్ని మురిపెంగా వర్ణిస్తాడు. తనకు చోటివ్వని నేలను అతడు ఇంకా తనదిగానే ఎంచుతున్నాడు. రెండవది, ఇది సందేశం. వినేవాడు ఒకడున్నాడని నమ్మినవాడే కబురు పంపుతాడు. సంబంధం పూర్తిగా తెగిపోయిందనుకొన్నవాడు శపిస్తాడు, లేదా మౌనం వహిస్తాడు. ఆ పేదవాని మాటల్లో ఆగ్రహం తక్కువేమీ కాదు. అయితే ప్రేమ ఆ ఆగ్రహానికి ఒక చిరునామా ఇచ్చింది. జాషువా సృజనకు మూలం ఇదేనని మా వాదన.

ఇతర కావ్యాల సాక్ష్యం

'ఫిరదౌసి' (1932)లో గజనీ మహమ్మదు మాట తప్పడంతో గుండె పగిలిన పారశీక కవి కనబడతాడు. 'ముంతాజ మహలు' (1943)లో భార్యను పోగొట్టుకొన్న చక్రవర్తి ప్రేమ పాలరాతి కట్టడమవుతుంది. ఒకదానిలో కవికి జరిగిన ద్రోహం, మరొకదానిలో మరణం తెచ్చిన ఎడబాటు ఉన్నాయి. రెండింటిలోనూ దుఃఖం కళగా మారింది. ఇవి ముస్లిము పాలకుల, కవుల కథలని కూడ గుర్తుంచుకోవాలి. ఆయన ప్రేమకు మతం హద్దు గీయలేదు. చివరకు, తనను దూరం పెట్టినవారు కొలిచే ప్రభువును గూర్చే 'క్రీస్తు చరిత్ర' రాశారు. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. 1970లో పద్మభూషణ్ వచ్చింది. నిలకడ అంటే మా ఉద్దేశం ఇదే: గాయాన్ని దాచకుండానే పని కొనసాగించడం.

ఒక ఆక్షేపణ

అణగారినవారికి ప్రేమను బోధించడం వారి నోరు కట్టడమే గదా అని ఎవరైనా అడగవచ్చు. ఈ ఆక్షేపణ బరువైనది. మన ప్రసంగ వేదికల మీద ఆ తప్పు జరుగుతూనే ఉంది. కాని కీర్తనల గ్రంథాన్ని చూడండి. అందులోని విలాపాలు దేవుని ముందు ఫిర్యాదును మెత్తబరచవు. నేరుగా ఆయనతోనే వాదిస్తాయి. అలా వాదించడం విశ్వాసంలో భాగమే. జాషువా పేదవాని సందేశం కూడ ఈ విలాపాలకు బంధువే. ప్రేమ అంటే మాట ఆపడం కాదని రెండూ నేర్పుతాయి.

ముగింపు

2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ బస్టాపుల వద్ద జరిగిన జంట పేలుళ్లలో పదిహేను మందికి పైగా చనిపోయారు. వారిలో ఇంటికి వెళ్లడానికి బస్సు కోసం నిలబడినవారు ఉన్నారు. అదే వీధిలో నేడు కోచింగు సెంటర్లు, దుకాణాలు ఎప్పటిలాగే కిటకిటలాడుతున్నాయి. బజారు తేరుకొన్నంత త్వరగా మనుషులు తేరుకోలేరు. అయినవారిని పోగొట్టుకొన్నవారు, కులం పేరిట గాయపడినవారు మన సంఘాల్లో వెనుక వరుసలో మౌనంగా కూర్చుని ఉండవచ్చు. వారికి ఓదార్పు మాటలు అందించేముందు వారి విలాపాన్ని వినే చెవి కాపరికి కావాలి. వారిలో పాట కట్టగలవాడు, పద్యం అల్లగలవాడు ఉంటే, అది మన పాటల పుస్తకానికి తగునా అని ఆలోచించకముందే అతనికి చోటివ్వాలి. వినుకొండ కుర్రవానికి ఒక గురువు చేసింది అంతే. ఆయన సొంత మతపెద్దలు చేయనిదీ అదే. ఈ రెండింటిలో ఏది మన సంఘాల్లో జరుగుతున్నదో పాఠకులు తమను తాము ప్రశ్నించుకోవాలని మా మనవి.