సంప్రదాయ, క్వాంటమ్ యాంత్రికముల సంబంధము

సంప్రదాయ యాంత్రికమనగా న్యూటను 1687లో ప్రకటించిన చలన సూత్రములను మూలముగా గొని, లగ్రాంజి, హామిల్టనుల వలన గణితరూపమున పరిపూర్ణత నందిన శాస్త్రము. క్వాంటమ్ యాంత్రికమనగా 1900లో ప్లాంకు నాటిన బీజము నుండి మొలకెత్తి, 1925, 1926 సంవత్సరములలో హైసెన్‌బర్గు, డిరాకు, ష్రోడింగరుల చేతులలో శాఖోపశాఖలుగా విస్తరించిన శాస్త్రము. మొదటిది గ్రహములకును యంత్రములకును, రెండవది పరమాణువులకును వర్తించునని పాఠ్యగ్రంథములు తఱుచు చెప్పుచుండును. ఈ విభజన బోధనకు సులభమే గాని సత్యమునకు చాలదు. ఒకే వస్తువునందు, ఒకే క్షణమున, ఒక గుణము సంప్రదాయ సూత్రములకు లోబడియు, వేఱొకటి వానిని పూర్తిగా ధిక్కరించియు నుండుట సర్వసామాన్యము. కనుక ఈ రెండు శాస్త్రముల నడుమ గీత యెక్కడ పడునో నిర్ణయించునది వస్తువు యొక్క పరిమాణము కాదు. ఈ సంగతిని ప్రయోగశాలకు పోకుండనే కన్నులార చూడదగిన స్థలములు మన దేశమున పెక్కు గలవు. వానిలో సిల్తారా ఒకటి.

ఛత్తీస్‌గఢ్ రాజధానియైన రాయపురమునకు ఉత్తరముగా, బిలాస్‌పూరు పోవు బాటపై నున్న సిల్తారా నేడు ఉక్కు పరిశ్రమలకు నెలవు. ఇనుపరాతిని బొగ్గుతో కలిపి కాల్చి స్పాంజి ఐరను చేయు పొడుగాటి కిల్నులు, దానిని తుక్కు ఇనుముతో చేర్చి కరగించు ఇండక్షను ఫర్నేసులు, బిల్లెట్లను ఎఱ్ఱగా కాల్చి కడ్డీలుగా సాగదీయు రోలింగు మిల్లులు అచ్చట పక్కపక్కనే పనిచేయుచుండును. బొగ్గుతో స్పాంజి ఐరను తీయు ఈ విద్య మన దేశమున మొట్టమొదట వేళ్లూనినది తెలుగు నేలపైననే యని ఇచ్చట స్మరింపదగును: నాటి ఖమ్మం జిల్లాలోని పాల్వంచయందు స్పాంజి ఐరన్ ఇండియా వారి కర్మాగారము 1980లో ప్రారంభమయ్యెను.

ఫర్నేసు నోటియొద్ద నిలిచి చూచినవాని కన్నుల నిండ నిండునది వెలుగు. లోహము వేడెక్కుకొలది ముందు మసక యెఱుపు, పిదప నారింజ, ఆపై పసుపు, తుదకు కంటికి నిలువరాని తెలుపు క్రమముగా తోచును. మన పల్లెల కమ్మరులు కొడవలికి పదును పెట్టుటకు ఇనుము కాలినదో లేదో ఈ రంగును బట్టియే తరతరములుగా తెలిసికొనుచున్నారు. వారి చేతిలో ఉష్ణమాపకము లేదు, కన్నే కొలబద్ద. ఇందు దాగియున్న వింత యేమనగా, ఈ రంగు వస్తువును బట్టి మారదు. ఇనుమైనను, ఇటుకయైనను, పింగాణియైనను ఒకే వేడిమికి ఒకే తీరున ఎఱ్ఱబారునని 1792లో థామస్ వెడ్జ్‌వుడ్ గమనించెను. 1859లో కిర్కాఫ్ ఈ గమనికకు సిద్ధాంతరూప మొసంగి, నలువైపుల మూయబడి ఒకే వేడిమిలో నున్న కుహరమునుండి వెలువడు వికిరణము గోడల స్వభావముపై ఆధారపడక కేవలము ఉష్ణోగ్రతపైనను తరంగదైర్ఘ్యముపైనను ఆధారపడి యుండునని నిరూపించెను. అట్టి కుహరమునకు కృష్ణవస్తువని పేరు. కొలిమి రంగును నిర్ణయించు ఆ సార్వత్రిక సూత్రమేదో కనుగొనుడని ఆయన తన తరువాతి వారికి విడిచిన ప్రశ్న నలుబది సంవత్సరములు శాస్త్రజ్ఞులను వెంటాడెను.

ఆ సూత్రమునకు దారి తెఱచుకొన్నది బెర్లిను నగర పరిసరమున, 1887లో నెలకొల్పిన ప్రభుత్వ భౌతిక, సాంకేతిక సంస్థలో. విద్యుద్దీపములు వీధులకెక్కుచున్న ఆ దినములలో వెలుగును నిక్కచ్చిగా కొలుచు ప్రమాణము పరిశ్రమకు కావలసివచ్చెను. అందుకై లుమ్మర్, ప్రింగ్స్‌హైమ్, కుర్ల్‌బామ్, రూబెన్స్ మొదలగువారు విద్యుత్తుతో కాల్చిన కుహరముల వికిరణమును ఎన్నడు లేనంత నిశితముగా కొలిచిరి. వీన్ 1896లో ప్రతిపాదించిన సూత్రము పొట్టి తరంగముల విషయమున చక్కగా కుదిరెను గాని పొడుగు తరంగములయొద్ద తప్పెను. ఇంగ్లండున ర్యాలీ 1900లో సంప్రదాయ శాస్త్రపు శక్తి సమవిభజన నియమమును బట్టి తేల్చిన సూత్రము పొడుగు తరంగములకు సరిపోయి, పొట్టి తరంగములయొద్ద అపారమగు శక్తిని చూపి కూలిపోయెను. ఆ యేడు అక్టోబరు 7వ తేది ఆదివారమున రూబెన్స్ ప్లాంకు ఇంటికి వచ్చి పొడుగు తరంగముల కొలతలను తెలుపగా, ప్లాంకు ఆ రెండు కొసలను కలుపు సూత్రమును ఊహించి, 19వ తేదిన సభలో వినిపించెను. ఊహకు ఉపపత్తి కావలెను గదా! డిసెంబరు 14న ఆయన చూపిన ఉపపత్తిలో శక్తి అవిచ్ఛిన్న ప్రవాహముగా గాక, పౌనఃపున్యమునకు అనుపాతమైన చిన్న చిన్న మూటలుగా లెక్కకు వచ్చెను. ఆ అనుపాత స్థిరాంకమే ప్లాంకు స్థిరాంకము.

ఈ చరిత్రను సిల్తారా కొలిమికి అన్వయించి లెక్క కట్టిన యెడల రెండు శాస్త్రముల సంబంధము కరతలామలకమగును. ఉక్కును పోతపోయువేళ దాని వేడిమి సుమారు 1600 సెంటీగ్రేడు డిగ్రీలు. కరగిన ఉక్కు పరిపూర్ణ కృష్ణవస్తువు కాదు. కాబట్టి అంతే వేడిమిగల మూసిన కుహరమును తలచుకొందము. దాని వికిరణము మిక్కిలి తీవ్రముగా నుండు తరంగదైర్ఘ్యము 1.55 మైక్రాన్లు, అనగా కంటికి కానరాని పరారుణము. మనకు కనబడు వెలుగు ఆ మహాప్రవాహపు అంచు మాత్రమే. 50 మైక్రాన్ల తరంగమును తీసికొన్నచో సంప్రదాయ సూత్రము చెప్పు విలువకును నిజమునకును తేడా నూటికి సుమారు ఎనిమిది. సెంటీమీటరు పొడవుగల రేడియో తరంగముల యొద్ద ఆ తేడా వేయింట ఒక పాలు సైతముండదు. అదే 0.65 మైక్రాన్ల ఎఱ్ఱని వెలుగుకడకు వచ్చునప్పటికి సంప్రదాయ సూత్రము నిజమునకు సుమారు 11,500 రెట్లు ఎక్కువ చెప్పును. ఇంతకంటె వింత యొకటి గలదు. ఆ సూత్రమే సత్యమైనచో, గదిలో చల్లగా పడియున్న ఇటుక ముక్క నేటి మన కొలిమి వెదజల్లు ఎఱ్ఱని వెలుగునకు సుమారు 1,800 రెట్ల వెలుగును రాత్రింబవళ్లు వెదజల్లవలసియుండును. చీకటి యనునది మనకున్నదనగా అది క్వాంటమ్ నియమముల అనుగ్రహమే.

ఒకే కుహరము, ఒకే వేడిమి. ఐనను ఒక కొసను న్యూటను సంతతియు, మఱొక కొసను ప్లాంకు సంతతియు రాజ్యమేలుచున్నారు. శక్తి మూట యెంత, వేడిమి ప్రతి కంపనమునకు పంచియీగల శక్తి యెంత అను రెంటి నిష్పత్తియే ఇచ్చట న్యాయాధిపతి. మూట చిన్నదైనచో దాని విడివిడితనము గోచరింపదు, ధాన్యపు రాశిని దూరమునుండి చూచినవానికి గింజలు కానరానట్లు. మూట పెద్దదైనచో దానిని కొనుటకు వేడిమి యొద్ద సొమ్ము చాలక ఆ కంపనము నిద్రాణమై యుండును.

ఘనపదార్థముల విశిష్టోష్ణ విషయమునను ఇదే న్యాయము చెల్లినది. 1819లో డ్యులాంగ్, పెటీలు కనుగొనిన నియమమును గది వేడిమిలోని ఇనుము చక్కగా పాటించును. ద్రవ నత్రజని చల్లదనమున, అనగా సున్నకు దిగువ 196 డిగ్రీలయొద్ద, దాని విశిష్టోష్ణము ఆ విలువలో ఇంచుమించు మూడవ వంతుకు పడిపోవును. కారణమును ఐన్‌స్టీను 1907లోను, మఱింత మెఱుగుగా డిబై 1912లోను వివరించిరి.

అయస్కాంతపు కథ ఇంతకంటె గంభీరమైనది. నా మట్టుకు నాకు ఈ వ్యాసవిషయమంతటిలో ఇదియే మిక్కిలి విస్మయావహము. స్పాంజి ఐరను కిల్నులో సుమారు వేయి డిగ్రీలయొద్ద తయారై, తిరుగు గొట్టమువంటి కూలరులో చల్లారి వెలికి వచ్చును. దానితో కాలక మిగిలిన బొగ్గును బూడిదయు కలిసియుండును. ఆ నల్లని మిగులును కార్మికులు డోలోచార్ అందురు. రెండును చూపునకు నల్లనివే, చేతికి గరుకైనవే. వానిని వేఱు చేయుటకు జల్లెడ పట్టి, మాగ్నెటిక్ సెపరేటరు పైనుండి పోనిత్తురు. ఇనుము అయస్కాంతమును అంటుకొని ఒకవైపునకు పోవును, డోలోచార్ తన దారిన జారిపడును. దినమునకు టన్నులకొలది సాగు ఈ పని సంప్రదాయ శాస్త్రము ప్రకారము సంభవమే కాదు. ఉష్ణ సమతౌల్యములో నున్న విద్యుత్కణ సముదాయమునకు సంప్రదాయ యాంత్రికమును తుదివఱకు అన్వయించినచో దాని అయస్కాంతత్వము సున్న యగునని 1911లో తన పరిశోధన వ్యాసమున బోరును, 1919లో స్వతంత్రముగా వాన్ ల్యూవెన్ అను విదుషీమణియు నిరూపించిరి. ఇనుములోని అణు అయస్కాంతములు ఒకే దిక్కునకు మొగము పెట్టుటకు కారణము ఎలక్ట్రానుల స్పిన్నును, వానిని ఒకదానినుండి మఱొకటి గుర్తింపరాని తత్త్వమును అని 1928లో హైసెన్‌బర్గు చూపెను. 770 డిగ్రీలు దాటిన ఇనుమునందు వేడిమి ఈ కట్టుబాటును చెఱచును. కాబట్టి కిల్ను నుండి అప్పుడే వెలువడిన వేడి ఇనుమును ఏ సెపరేటరును పట్టజాలదు. చల్లార్చిన పిదపనే పట్టుట సాధ్యము. సెపరేటరు మీది ఇనుప గుట్టకంటె స్థూలమగు వస్తువేమి కలదు? ఐనను దాని నడక క్వాంటమ్ నడకయే.

రెండు శాస్త్రములకు నడుమ సేతువును బుద్ధిపూర్వకముగా కట్ట పూనుకొనినవాడు బోరు. 1913లో తాను కల్పించిన హైడ్రొజను నమూనాలో ఎలక్ట్రాను కక్ష్యనుండి కక్ష్యకు దుముకునప్పుడే వెలుగు పుట్టును. సంప్రదాయ శాస్త్రమున నైతే ప్రదక్షిణల సంఖ్యయే వెలుగు పౌనఃపున్యము కావలెను. రెండవ కక్ష్యనుండి మొదటిదానికి దుమికినప్పుడు పుట్టు వెలుగు పౌనఃపున్యము, రెండవ కక్ష్యలోని ప్రదక్షిణ పౌనఃపున్యమునకు మూడు రెట్లు. నూఱవ కక్ష్యనుండి తొంబదితొమ్మిదవ దానికి దిగినప్పుడు ఆ రెంటి తేడా నూటికి ఒకటిన్నర మాత్రమే. అట్టి మహాకక్ష్యలనుండి వచ్చు రేడియో తరంగములను 1960వ దశకమున ఆకాశములోని వాయుమేఘములయందు గుర్తించిరి. పెద్ద సంఖ్యల యవధిలో క్రొత్త శాస్త్రము పాతదానిలో కలిసిపోవలెనను ఈ నియమమునకు బోరు 1920లో అనురూపతా నియమమని పేరిడెను. ఇది కేవలము సమాధానపఱచు మాట గాక, దారి చూపు దీపమాయెను: హైసెన్‌బర్గు 1925లో క్రొత్త యాంత్రికమును నిర్మించినది దీని వెలుగులోనే. అదే యేడు శరత్కాలమున డిరాకు, హామిల్టను యాంత్రికములోని పాయిసాను కుండలీకరణములకును క్వాంటమ్ రాశుల గుణకార క్రమభేదమునకును పోలికను కనిపెట్టి, పాత యింటి పునాదులపైననే క్రొత్త మేడ లేచినదని తేల్చెను. 1927లో ఎహ్రెన్‌ఫెస్టు క్వాంటమ్ సగటులు, బలము నెమ్మదిగా మారు చోట్ల, న్యూటను సూత్రములను అనుసరించునని చూపెను. 1948లో ఫైన్‌మను ఈ సంబంధమునకు అందఱకంటె సుందరమగు రూపమిచ్చెను: కణము సాధ్యమైన దారులన్నిటిని లెక్కకు తెచ్చుకొనును, క్రియా పరిమాణము ప్లాంకు స్థిరాంకముకంటె ఎన్నో కోట్ల రెట్లున్నపుడు ఇరుగుపొరుగు దారులు ఒకదాని నొకటి రద్దుచేసికొనగా, క్రియ నిలుకడగా నుండు ఆ యొక్క దారియే మిగులును. ఆ మిగిలిన దారియే న్యూటను దారి.

ఈ సంబంధమును ప్రయోగముతో తూచిన వారిలో మనవారు కలరు. బాల్యమును విశాఖపట్టణమున గడిపిన చంద్రశేఖర వేంకట రామన్ 1928 ఫిబ్రవరి 28న ప్రకటించిన ఫలితమును చూడుడు. అణువులలోని కంపనములు తమపై పడిన వెలుగు రంగును ఇరువైపులకు సమదూరమున మార్చునని సంప్రదాయ గణితమును చెప్పగలదు. కాని ఆ రెండు గీతల తీవ్రతలు ఇంచుమించు సమానము కావలెనని కూడ చెప్పి అది పొరపడును. గది వేడిమిలో కార్బన్ టెట్రాక్లోరైడు యొక్క ప్రధాన గీతను చూచినచో పైవైపు గీత క్రిందివైపు దానిలో సుమారు ఎనిమిదవ వంతు మాత్రమే. ఏలయన వెలుగునకు ఋణమీయగల, అప్పటికే కంపించుచున్న అణువులు తక్కువ. గీతల స్థానమును ఉభయ శాస్త్రములును చెప్పును, తూకమును ఒకటియే చెప్పును. నాటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించిన సూరి భగవంతము 1931లో రామన్‌తో కలిసి, వెదజల్లబడిన వెలుగు ధ్రువణమును కొలిచి, ఫోటానునకు ఒక్క క్వాంటము స్పిన్ను కలదని చూపెను. వర్తుల ధ్రువిత కాంతి కోణీయ ద్రవ్యవేగమును మోసికొనిపోవునని పాయింటింగు 1909లో సంప్రదాయ పద్ధతినే చెప్పియుండుటచే, ఇచ్చట పాత సత్యము క్రొత్త నాణెముగా మార్పబడినదనవచ్చును. భగవంతము, వేంకటరాయుడులు రచించిన సమూహ సిద్ధాంత గ్రంథమును 1948లో వాల్తేరునుండి ఆంధ్ర విశ్వవిద్యాలయము ప్రచురించెను. అణువులు, స్ఫటికముల సౌష్ఠవమునుండియే ఏ కంపనము రామన్ గీతగా కనబడునో నిర్ణయించు విద్యను అది విద్యార్థులకు అందించెను.

ఒక ప్రశ్న మాత్రము చిరకాలము మిగిలెను. క్వాంటమ్ నియమములు సర్వత్ర వర్తించునేని, ఒక వస్తువు ఒకే వేళ రెండు దారుల పోవుట మన కంట పడదేల? 1970లో త్సే, 1980వ దశకమున జురెక్ మొదలగువారు చెప్పిన సమాధానము: ఏ వస్తువును ఒంటరి కాదు, గాలి అణువులు, వెలుగు కణములు దాని జాడను ఎడతెగక మోసికొనిపోవుచుండును, అంతట తరంగముల పరస్పర సంబంధము చెదరిపోవును. 1999లో వియన్నాలో ఆర్న్‌టు, త్సైలింగరు బృందము అఱువది కార్బను పరమాణువుల బంతులను కొలిమిలో ఆవిరిచేసి, అవి తరంగములవలె వ్యతికరణము చెందుట చూపిరి. 2004లో ఆ బృందమువారే డెబ్బది పరమాణువుల బంతులను లేజరుతో మఱింత కాల్చిరి. అణువులు వేడెక్కి తమంతట తాము వెలుగు నీన నారంభింపగా, ఆ వెలుగుతోడనే తమ దారి యేదో బయటపడి, వ్యతికరణ చారలు క్రమముగా మాసిపోయెను. ప్లాంకుకు క్వాంటమును అందించిన ఆ కొలిమి వెలుగే ఇచ్చట క్వాంటమ్ లక్షణమును తుడిచిపెట్టుట విశేషము.

సిల్తారా మిల్లులలో కూలింగు బెడ్డుపై వరుసగా పఱచిన కడ్డీ ఒక్కొక్కటియు నిమిషముల వ్యవధిలో ఈ చరిత్రను తిరుగ నడుచును. 770 డిగ్రీలకు దిగినప్పుడు అది అయస్కాంతమునకు లొంగును. 525 డిగ్రీల దాపున దాని కడపటి యెఱుపు చీకటిలో ఆఱిపోవును. ఆపైన అఱచేయి దగ్గఱ పెట్టినవానికి సెగ మాత్రము తగులుచుండును.