బొబ్బిలి నుండి పార్వతీపురం వరకు: ఓటు హద్దుల చరిత్ర

బొబ్బిలి యుద్ధమనగానే 1757 జనవరి నాటి కోట ముట్టడి, బుస్సీ ఫిరంగులు, తాండ్ర పాపారాయుడి ప్రతీకారం తెలుగువారి మనస్సులో మెదులుతాయి. జంగం కథలు, నాటకాలు, చలనచిత్రాలు ఆ స్మృతిని చెక్కుచెదరకుండా నిలిపాయి. అదే బొబ్బిలిలో 1937 ఫిబ్రవరిలో మరొక పోరు జరిగింది. అందులో ఫిరంగులు లేవు, ఓటు పెట్టెలున్నాయి. దానిని పాడిన జంగాలు లేరు గాని, చరిత్ర విద్యార్థికి అది తక్కువ ఆసక్తికరమైనది కాదు.

1935 నాటి భారత ప్రభుత్వ చట్టం మద్రాసు రాష్ట్ర శాసనసభకు 215 స్థానాలు కేటాయించింది. ఆ పంపకాన్ని ఒకసారి పరికిస్తే నాటి పాలకుల దృష్టిలో సమాజమంటే ఏమిటో తెలిసిపోతుంది. సాధారణ స్థానాలు 146. వాటిలో షెడ్యూల్డు కులాలకు ప్రత్యేకించినవి 30. ముస్లిములకు 28, మహిళలకు 8, వాణిజ్య వర్గాలకు 6, కార్మికులకు 6. పెద్ద భూస్వాములకూ 6. కొండజాతుల వారికి, వెనుకబడిన ప్రాంతాలకు కలిపి రాష్ట్రమంతటికీ దక్కినది ఒకే ఒక్కటి! విశాఖ, తూర్పు గోదావరి ఏజెన్సీలు ‘పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలు’గా మిగిలాయి, శాసనసభ చేసిన చట్టాలు గవర్నరు ఆదేశం లేనిదే అక్కడ చెల్లవు.

ఓటు కూడా అందరిదీ కాదు. పన్ను, భూమి, చదువు మొదలైన అర్హతలు దానికి గీటురాళ్లు. భూమి లేని కూలీకీ, అక్షరం రాని పాలేరుకూ జాబితాలో చోటు దొరకడం అరుదు. అయితే జమీందారీ గ్రామంలోని జిరాయితీ రైతుకు తాను చెల్లించే శిస్తే ఓటు హక్కును తెచ్చిపెట్టింది. శిస్తు పుచ్చుకొనే ప్రభువు ఎన్నికల్లో నిలబడితే, ఆ శిస్తు కట్టే రైతే ఆయన భవితవ్యాన్ని తేల్చే వాడయ్యాడు. చట్టం రాసినవారు ఈ చమత్కారాన్ని ఎంతవరకు ఊహించారోగాని, బొబ్బిలిలో అది అక్షరాలా జరిగింది.

బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావుగారు సామాన్యులు కారు. జస్టిస్ పార్టీ నాయకులు. 1932 నవంబరు మొదలు, నడుమ కొద్ది నెలల విరామం మినహా, ఎన్నికల నాటికీ మద్రాసు ముఖ్యమంత్రి. భూస్వాముల ప్రత్యేక స్థానాలు ఉండగా ఆయన సొంత గడ్డపై సాధారణ స్థానానికే పోటీకి దిగారు. ఎదుట కాంగ్రెసు నిలిపినది వి.వి. గిరిగారిని. ఆయన బరంపురంలో పుట్టి, బెంగాల్–నాగపూర్ రైల్వే కార్మికుల మధ్య పేరు తెచ్చుకున్న కార్మిక నాయకుడు. జమీందారీతో ఆయనకు సంబంధం లేదు. అక్షరాస్యత తక్కువ కనుక పార్టీలకు రంగు పెట్టెలు కేటాయించారు. కాంగ్రెసుకు పసుపు పెట్టె వచ్చింది. ఆర్థిక మాంద్యంలో పంట ధరలు పడిపోయి రైతు విలవిలలాడుతుండగా మంత్రులు నెలకు 4 వేల రూపాయలకు మించి జీతం తీసుకోవడం కాంగ్రెసు ప్రచారానికి మంచి ఆయుధమైంది. ఫలితం వెలువడినప్పుడు గిరిగారు గెలిచారు. ముఖ్యమంత్రి తన ఊళ్లోనే ఓడిపోయారు. రాష్ట్రంలో కాంగ్రెసుకు 159 స్థానాలు లభించాయి.

రాజాజీ మంత్రివర్గంలో గిరిగారు కార్మిక, పరిశ్రమల శాఖలు చేపట్టారు. రెవిన్యూ మంత్రి ప్రకాశం పంతులుగారి అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం 1938లో, భూమికి యజమాని రైతేనని నివేదించింది. అది చట్టరూపం దాల్చకముందే, 1939లో, మంత్రివర్గం రాజీనామా చేసింది. ఎస్టేటుల రద్దు చట్టం రావడానికి 1948 దాకా ఆగవలసి వచ్చింది.

రాజ్యాంగం అమలులోకి రావడంతో పాత రాష్ట్ర నియోజకవర్గాలు అంతరించాయి. శిస్తుతో, చదువుతో నిమిత్తం లేకుండా వయోజనులందరికీ ఓటు వచ్చింది. ఆ ఓటు బలం ఎంతటిదో బొబ్బిలికి చేరువలోనే, సరిగ్గా 20 ఏళ్లకు గిరిగారికే అనుభవంలోకి వచ్చింది.

1957 ఎన్నికల్లో పార్వతీపురం లోక్‌సభ నియోజకవర్గం ద్విసభ్యం. దేశంలో అప్పుడు అటువంటివి 91 ఉండేవి. ఒక స్థానం షెడ్యూల్డు తెగలకు ప్రత్యేకం, రెండవది అందరిదీ. ఓటరుకు రెండు ఓట్లు. రెండూ ఒకే అభ్యర్థికి వేయరాదు. లెక్కింపు నియమం మరీ విశేషం: ముందుగా తెగల అభ్యర్థులలో అత్యధికంగా ఓట్లు వచ్చిన వారికి ప్రత్యేక స్థానం ఇచ్చి, మిగిలిన వారందరిలో, వారు ఏ వర్గం వారైనా సరే, మొదట ఉన్నవారికి రెండవ స్థానం ఇవ్వాలి. ప్రత్యేక స్థానం బిడ్డిక సత్యనారాయణగారికి దక్కింది. రెండవ స్థానం కేంద్ర మాజీ మంత్రి గిరిగారికే వస్తుందనుకున్న వారికి ఆశ్చర్యమే మిగిలింది. మరో గిరిజన అభ్యర్థి దిప్పల సూరిదొరగారు ఆయనను మించి ఓట్లు పొందారు. రెండు స్థానాలూ గిరిజనులవే అయ్యాయి.

వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. గిరిగారి వాదనలు రెండు. ప్రత్యేక స్థానానికి నిలబడిన వ్యక్తికి సాధారణ స్థానం ఇవ్వరాదన్నది మొదటిది. ముఖదొర తెగలో పుట్టిన సూరిదొరగారు క్షత్రియుడినని చెప్పుకుంటున్నారు కనుక ఆయన ఇక గిరిజనుడు కారన్నది రెండవది. 1959లో న్యాయస్థానం రెండింటినీ తోసిపుచ్చింది. ప్రత్యేక స్థానం గిరిజనులకు కల్పించిన రక్షణ మాత్రమే. సాధారణ స్థానానికి వారు అనర్హులని దాని అర్థం కాదు. ఒక వ్యక్తి తనకు తాను చెప్పుకున్నంత మాత్రాన కులం మారదు, ఆ కులస్థులు తమవాడని అంగీకరించాలి. ఇదీ మెజారిటీ తీర్పు సారాంశం. జస్టిస్ జె.ఎల్. కపూర్ విభేదించారు.

నా దృష్టిలో ఈ తీర్పులోని మొదటి భాగమే విలువైనది. 1935లో రాష్ట్రమంతటికీ ఒక్క స్థానంతో సరిపెట్టుకోవలసి వచ్చిన కొండజాతుల వారు, అందరితో పోటీపడి సాధారణ స్థానాన్ని గెలిస్తే దానిని కాదనే అధికారం ఎవరికీ లేదని అది తేల్చింది. రెండవ భాగంలో మాత్రం, ఒకరి ఉనికిని ఇరుగుపొరుగుల అంగీకారానికి వదిలివేయడం నేటికీ చిక్కు ప్రశ్నగానే కనిపిస్తుంది.

1961లో పార్లమెంటు ద్విసభ్య నియోజకవర్గాలను రద్దు చేసింది. వాటి విస్తీర్ణం, ప్రచార వ్యయం పెద్ద కారణాలన్నారు. పార్వతీపురం అనుభవమూ పెద్దల మనస్సులో లేదనలేము. 1962 నుండి పార్వతీపురం షెడ్యూల్డు తెగలకు ప్రత్యేకించిన ఏకసభ్య స్థానమైంది. గిరిగారు ఆ తరువాత గవర్నరుగా, ఉపరాష్ట్రపతిగా పనిచేసి, 1969లో రెండవ ప్రాధాన్య ఓట్లు కూడా లెక్కించిన మీదట రాష్ట్రపతి అయ్యారు. పార్వతీపురం లోక్‌సభ నియోజకవర్గం 2008 పునర్విభజనలో రద్దయింది. ఆ పట్టణం అరకు నియోజకవర్గంలో చేరింది.