అద్దె ఇంట్లో రంగుల పెట్టె

1916 అక్టోబరు. ఇంగ్లండ్ దక్షిణాన ససెక్స్ ప్రాంతంలో, సుద్ద కొండల పాదాన ఉన్న చార్ల్‌స్టన్ అనే పాత రైతు ఇంటికి చిత్రకారిణి వెనెస్సా బెల్ కాపురం మార్చింది. వెంట ఇద్దరు కొడుకులు, చిత్రకారుడు డంకన్ గ్రాంట్, అతని స్నేహితుడు డేవిడ్ గార్నెట్, ఒక కుక్క. మొదటి ప్రపంచ యుద్ధం సాగుతున్న ఆ ఏడాదే బ్రిటన్‌లో నిర్బంధ సైనిక సేవ మొదలైంది. తుపాకీ పట్టబోమన్న గ్రాంట్, గార్నెట్‌లకు పొలం పని చేయాలన్న షరతు మీద మినహాయింపు దొరికింది. అందుకే పొలాల నడుమ ఇల్లు కావలసి వచ్చింది. ఆ ఇంటి కబురు చెప్పింది వెనెస్సా చెల్లెలు. చైతన్య స్రవంతి అనగానే మనకు గుర్తొచ్చే వర్జీనియా వుల్ఫే ఆ చెల్లెలు.

ఇంట్లో కరెంటు లేదు. పైగా అద్దె ఇల్లు. యుద్ధకాలం. కొత్త సామాను కొనే పరిస్థితి కాదు, కొనాలన్న కోరికా వాళ్లకు లేదు. పాత సామాన్ల కొట్లలో చవగ్గా దొరికిన బల్లలు, బీరువాలు, మంచాలు ఇల్లు చేరాయి. ఎవరో వాడి వదిలేసినవి. వాటి మీద వెనెస్సా, గ్రాంట్ ఇద్దరూ కుంచెలు పెట్టారు. ఆ చేత్తోనే తలుపులకు, పొయ్యిగూటి చుట్టూ, కిటికీల పక్కన కూడా బొమ్మలు వేశారు.

వాటిలో నాకు ఎంతో ఇష్టమైనది కట్టెల పెట్టె. చలిమంటకు కావలసిన కట్టెలు పోసి పొయ్యి పక్కన ఉంచే మామూలు చెక్క పెట్టె అది. దాని నాలుగు వైపులా ఆడుతూ, వాయిద్యాలు మోగిస్తూ ఉన్న దేవదూతల్ని గ్రాంట్ చిత్రించాడు. మసి, బూడిద, కట్టెల పొట్టు రోజూ పడే చోట దేవదూతలు! వెనెస్సా మంచం తలాపి పలక మీద గ్రీకుల స్వప్నదేవత మార్ఫియస్‌ను పెట్టాడు. వెనక ఆమె పేరులోని మొదటి అక్షరాలు. పగలు పొలంలో నడుము వంచి పనిచేసినవాడికి ఇంటికొచ్చాక ఇంత ఓపిక ఎక్కడి నుంచి వచ్చిందా అనిపిస్తుంది. బహుశా ఆ పొలం పనే ఇందుకు కారణమేమో. యుద్ధం ముగిసేదాకా తనది కాని జీవితం గడపాల్సిన మనిషికి, చేతికందిన ప్రతి చెక్కా సొంతం చేసుకోవాల్సిన చోటులా కనిపించి ఉంటుంది.

ఈ అలవాటుకు మూలం లండన్‌లో ఉంది. 1910లో సెజాన్, వాన్ గోగ్, గోగాఁ చిత్రాలను లండన్‌లో ప్రదర్శించి పెద్ద దుమారం లేపిన రోజర్ ఫ్రై, 1913 జులైలో ఫిట్జ్‌రాయ్ స్క్వేర్‌లోని 33వ నంబరు ఇంట్లో ‘ఒమేగా వర్క్‌షాప్స్’ తెరిచాడు. వెనెస్సా, గ్రాంట్ ఇద్దరూ అందులో సహ డైరెక్టర్లు. బొమ్మలు అమ్ముడుపోక ఇబ్బంది పడే యువ కళాకారులు వారానికి మూడున్నర రోజులు పనిచేస్తే 30 షిల్లింగులు. మిగతా రోజులు సొంత చిత్రాలకు. కుర్చీ అయినా, తెర అయినా, పింగాణీ పాత్ర అయినా దాని మీద కళాకారుడి పేరు ఉండకూడదు. ఒమేగా అనే గ్రీకు అక్షరం ఒక్కటే గుర్తు. అక్కడ పనిచేస్తున్న చిత్రకారుడు విండమ్ లూయిస్ మొదటి ఏడాదే తగువు పెట్టుకుని వెళ్లిపోయాడు. పనితనం నాసిరకమన్న మాట కూడా వినిపించింది, అది పూర్తిగా అబద్ధం కాదు. 1919లో ఒమేగా మూతపడింది. అది నేర్పిన చేతిపని మాత్రం చార్ల్‌స్టన్‌లో ఇంకా నలభై ఏళ్లు సాగింది.

ఆ ఇంటి గోడలకు వాళ్లు వేసింది డిస్టెంపర్. మన గోడలకూ వేసి, మనం మన మాటే అనుకునేంతగా వాడేసిన ఆ డిస్టెంపర్ అసలు రూపం చాలా సాదాది: సుద్దపొడి, జంతువుల తోళ్ల నుంచి తీసిన బంక, నీళ్లు, రంగుపొడి. ఇంట్లోనే కలుపుకోవచ్చు. ఆరితే మెరుపు ఉండదు, మెత్తగా కనిపిస్తుంది. తడి తగిలితే మాత్రం చెదిరిపోతుంది.

ఇక చెక్క సామాను సంగతి. మన ఇళ్లలో టేకుకు పాలిష్ పెడతారు, చవక చెక్కకు ఎనామిల్ కొడతారు. ఇంగ్లండ్‌లోనూ శతాబ్దాల పాటు ఇదే తేడా. ఓక్, మహాగని అయితే మైనం పూసి చెక్కకు నిగ్గు తెచ్చేవారు. పైన్ అయితే రంగు తప్పనిసరి. రంగు లేని పైన్ బల్ల అంటే పని సగంలో ఆగిపోయిన బల్ల. 1960, 70 దశకాల్లో గాలి తిరిగింది. ఉత్త పైన్ చెక్క కనిపించడమే అందమైపోయింది. పాత పెట్టెల్ని, తలుపుల్ని కాస్టిక్ సోడా తొట్టెల్లో ముంచి, వందేళ్ల నాటి రంగును కూడా కరిగించి పారేశారు. ఆ తొట్టెల్లో ఎందరి చేతిపని కరిగిపోయిందో తలచుకుంటే బాధగా ఉంటుంది. పాత సామాను దొరకగానే గరుకు కాగితం అందుకునేవారికి నా మనవి ఒక్కటే: పాత రంగు కింద ఏముందో చూసే ముందు, ఆ పాత రంగునే ఒకసారి తీరిగ్గా చూడండి.

పాత చెక్కకు మళ్లీ రంగు కాలం వచ్చింది. 1990లో ఆనీ స్లోన్ అనే రంగుల నిపుణురాలు ‘చాక్ పెయింట్’ తయారుచేసింది. ముందు గీకనక్కర్లేదు, ప్రైమర్ అక్కర్లేదు. నేరుగా పూసి, పైన మైనం పట్టిస్తే చాలు. ఆరాక సుద్దలాంటి మెత్తదనం. పాత బల్ల కొని రంగు మార్చే పని దీంతో ఎంతోమంది ఇళ్లకు చేరింది. తర్వాత ఆమె చార్ల్‌స్టన్‌తో కలిసి మూడు రంగులు తెచ్చింది. ఫర్ల్, రాడ్‌మెల్, టిల్టన్ వాటి పేర్లు. మొదటిది ఆ ఇంటి పక్క ఊరు. రెండోది వర్జీనియా వుల్ఫ్ స్థిరపడిన ఊరు. మూడోది ఆర్థికవేత్త కీన్స్ ఇల్లు. 1919 వేసవిలో వెర్సాయ్ సంధిని దుయ్యబడుతూ కీన్స్ పుస్తకం రాసింది కూడా చార్ల్‌స్టన్‌లోనే.

వెనెస్సా 1961లో అక్కడే కన్నుమూసింది. గ్రాంట్ 1978లో పోయాడు. 1980లో ట్రస్టు ఏర్పడి, 1986లో ఇల్లు జనానికి తెరుచుకుంది. తొలినాళ్లలో వెనెస్సా పడకగదిగా ఉన్న గదిలో కిటికీకి పైన ఒక కోడిపుంజును, కింద ఒక కుక్కను గ్రాంట్ గీశాడు. పొద్దున్నే లేపడానికి పుంజు, రాత్రి కాపలాకు కుక్క. తర్వాత ఆమె పడక మరో గదికి మారింది, ఈ గది గ్రంథాలయమైంది. పుంజూ కుక్కా మాత్రం ఆ కిటికీని వదల్లేదు.